ఎల్క్ వేటకు సంప్రదాయ విల్లు: ఏ ములికి నప్పుతుంది?

సెప్టెంబరులో అమెరికాలోని కొలరాడో కొండలకు రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు)తోనో లాంగ్‌బో (పొడవాటి సాదా విల్లు)తోనో ఎల్క్ (దుప్పి జాతి పెద్ద జంతువు) వేటకు వెళ్లేవాళ్లు తగిలాక రెక్కలు విచ్చుకునే మెకానికల్ ములుకులను పక్కన పెట్టేయండి. లాగడానికి 50 పౌండ్ల బలం పట్టే విల్లు ఇచ్చే శక్తి అసలే తక్కువ, అందులో కొంత ఆ రెక్కలు తెరుచుకోవడానికే పోతుంది. కప్పీలతో పనిచేసే కాంపౌండ్ విల్లుల లెక్క వేరు.

మొన నుంచే కోసే, కదలని రెండంచుల ఉక్కు ములికి మేలు. పొడవు వెడల్పుకు మూడింతలు ఉంటే లోతుగా దిగుతుంది. వెడల్పు 1 నుంచి 1⅛ అంగుళం చాలు. కొలరాడో నిబంధన ప్రకారం ⅞ అంగుళానికి తగ్గకూడదు. మొత్తం బాణం బరువు విల్లు లాగుడు పౌండుకు 10 గ్రెయిన్లకు (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము) తగ్గకుండా చూసుకోండి. అంటే 50 పౌండ్లకు కనీసం 500, ఎల్క్‌కు 550–600 అయితే ఇంకా నయం.

ఒకవైపే సాన పట్టిన ములికి కొంటే బాణం తోకకున్న ఈకలు కుడి రెక్కవో ఎడమ రెక్కవో చూసుకోండి. కుడి ఈకలకు కుడి బెవెల్ (సాన పట్టిన వాలు), ఎడమ ఈకలకు ఎడమ బెవెల్. తారుమారైతే బాణం తిరుగుడు, ములికి తిరుగుడు ఒకదానికొకటి అడ్డం.

బాణం ముందు భాగంలో బరువు పెంచితే కాడ మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. కుడిచేతివాటం వాళ్లకు బాణాలు కుడికి పోతుంటే కారణం చాలాసార్లు ఇదే. కాడను పావు అంగుళం చొప్పున కత్తిరిస్తూ సరిచూసుకోండి, లేదా గట్టి కాడకు మారండి.

కొత్త ములుకుల పదును నమ్మకండి. సానరాయి, ఆపై తోలు. ముంజేతి వెంట్రుకలు గీసుకుపోయేదాకా.