టూర్ డి ఫ్రాన్స్ మొదటిసారి చూస్తున్నారా? ముందు ఒక జట్టును పట్టుకోండి

జూలైలో ఏదో ఒక సాయంత్రం టీవీలో టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు పెట్టి చూడండి. మొదటి పది నిమిషాల్లో కనిపించేది ఇంతే: నూట డెబ్బై, నూట ఎనభై మంది ఒకే గుంపుగా తొక్కుకుంటూ పోతుంటారు, పక్కన పొద్దుతిరుగుడు చేలు, పాత కోటలు, పైనుంచి హెలికాప్టర్ కెమెరా. ఎవరు గెలుస్తున్నారో తెలియదు. అందరికంటే ముందున్న నలుగురిని చూసి వీళ్ళలోనే ఎవరో గెలుస్తారు కాబోలు అనుకుంటే, ముగింపు గీత ఇంకో ఐదు కిలోమీటర్లు ఉందనగా గుంపు వచ్చి వాళ్ళను మింగేస్తుంది. చాలామంది ఇక్కడే ఛానల్ మార్చేస్తారు. నేను మొదటి ఏడాది పసుపు జెర్సీ వేసుకున్నవాణ్ణి ఒక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను, పెద్దగా ఏమీ అర్థం కాలేదు. తర్వాతి ఏడాది ఒక జట్టును ఎంచుకుని, ఆ ఎనిమిది మంది ఎక్కడున్నారు, ఇప్పుడు ఎవరి కోసం కష్టపడుతున్నారు అనేది మాత్రమే గమనించాను. రేసు మొత్తం అప్పుడు తెరుచుకుంది. ఇక్కడ చెప్పేదంతా ఆ పద్ధతే.

ముందు లెక్క తేల్చుకుందాం. మూడు వారాలు, 21 స్టేజీలు, మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, మొత్తం కలిపి దాదాపు 3,300 నుంచి 3,400 కిలోమీటర్లు. రోజుకో స్టేజీ, రోజుకో విజేత. టైటిల్ మాత్రం అన్ని స్టేజీల సమయం కూడితే అందరికంటే తక్కువ ఎవరికి వస్తుందో వాళ్ళది. ఒక్క స్టేజీ కూడా గెలవకుండా టూర్ గెలవొచ్చు, 2017లో క్రిస్ ఫ్రూమ్ అలాగే గెలిచాడు. ఆ కూడికలో ముందున్నవాడికి పసుపు జెర్సీ. 1903లో ఈ రేసును మొదలుపెట్టింది లోటో అనే క్రీడా పత్రిక, దాన్ని పసుపు కాగితం మీద అచ్చువేసేవాళ్ళు, 1919 నుంచి జెర్సీకీ ఆ రంగే వచ్చింది. ఆకుపచ్చ జెర్సీ పాయింట్లకు, అంటే ఎక్కువగా స్ప్రింటర్లకు, గీత ముందు ఒక్కసారిగా వేగం అందుకునేవాళ్ళకు. తెలుపు మీద ఎర్ర చుక్కలుంటే కొండల మీద పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నవాడు. ఒట్టి తెలుపు కుర్రవాళ్ళలో ముందున్నవాడికి.

ఇంకొక్క నియమం గుర్తుంచుకోండి, ఇది తెలియక చాలామంది తికమకపడతారు: ఒకే గుంపుగా గీత దాటినవాళ్ళందరికీ ఒకే సమయం వేస్తారు. నూరో స్థానంలో వచ్చినా, మధ్యలో ఖాళీ లేకపోతే విజేత సమయమే. అందుకే చదును రోజుల్లో పసుపు జెర్సీ పోటీలో ఉన్నవాళ్ళు గెలవాలని ఎగబడరు, గుంపులో క్షేమంగా ఇల్లు చేరితే చాలు.

ఇక అసలు సంగతి గాలి. ఈ రేసులో శత్రువు కొండ అనుకుంటాం, కానీ రోజులో ఎక్కువసేపు వాళ్ళు పోరాడేది గాలితోనే. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ముందున్నవాడి వెనక చక్రానికి దగ్గరగా తొక్కితే దాదాపు మూడోవంతు శ్రమ తగ్గుతుంది, పెద్ద గుంపు నడిమధ్యలో ఉంటే ఇంకా చాలా తగ్గుతుంది. ఇది చదివితే ఎక్కదు, ఒకసారి తొక్కి చూడాలి. హైదరాబాద్‌లో ఉంటే 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన తెరిచిన సైకిల్ ట్రాక్‌కు, ఎదురుగాలి ఉన్న రోజు, మీకంటే బాగా తొక్కే ఫ్రెండ్‌తో వెళ్ళండి. వెనకే వస్తున్నానని ముందే చెప్పి, చేతులు బ్రేకుల మీద ఉంచి, ఒక మీటరు దూరంలో రెండు కిలోమీటర్లు తొక్కండి. తర్వాత పక్కకు జరిగి అదే వేగం ఒంటరిగా నిలబెట్టుకోవడానికి ప్రయత్నించండి. ఆ ఒక్క నిమిషంలో మీ తొడలకు తెలిసింది పది వ్యాసాలు చదివినా తెలియదు.

మన ఇళ్ళల్లో ‘ఒళ్ళు దాచుకుంటున్నాడు’ అంటే తిట్టు. ఇక్కడ జట్టు నాయకుడు నేర్చుకోవాల్సిన మొదటి విద్యే అది. అతను నాలుగు గంటలు ఒళ్ళు దాచుకుని చివరి అరగంటలో ఉన్నదంతా బయటికి తీయాలి, అందుకోసం మిగతా ఏడుగురు గాలికి ఎదురెళ్ళి తమ ఒళ్ళు ఖర్చుపెడతారు. వీళ్ళను డొమెస్టిక్ అంటారు, ఫ్రెంచిలో ఆ మాటకు ఇంటి పనివాడు అని అర్థం. ఎండ రోజు జట్టు కారు దగ్గరికి వెనక్కి వెళ్ళి, ఆరేడు నీళ్ళ సీసాలు జెర్సీలో కుక్కుకుని, మళ్ళీ గుంపును ముందుదాకా దాటుకొచ్చి అందరికీ పంచేది వీళ్ళే. నాయకుడి టైరు పంక్చరైతే తన చక్రమో, అవసరమైతే తన సైకిలో ఇచ్చేసి రోడ్డు పక్కన నిలబడిపోయేదీ వీళ్ళే. కారులో కూర్చున్న డైరెక్టర్ ఏం చెయ్యాలో వాళ్ళ చెవిలోని రేడియోలో చెప్తుంటాడు, గుంపులో అనుభవమున్న ఒక సీనియర్ దాన్ని అక్కడికక్కడ నడిపిస్తాడు. స్ప్రింటర్ ఉన్న జట్టులో పని ఇంకోలా ఉంటుంది, చివరి కిలోమీటర్లలో ముగ్గురు నలుగురు వరుస కట్టి ఒకరి తర్వాత ఒకరు పూర్తి వేగంతో లాగి పక్కకు తప్పుకుంటారు, ఆఖరివాడు తప్పుకునేసరికి స్ప్రింటర్‌కు గీత కనిపిస్తుండాలి. 2023లో యాస్పర్ ఫిలిప్సెన్ నాలుగు స్టేజీలు, ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. అతని ముందు ఆ ఆఖరి లాగుడు లాగింది మాథ్యూ వాన్ డెర్ పోయెల్, తనంతట తానే పెద్ద పెద్ద రేసులు గెలిచే మనిషి. ఇంకో మనిషి గెలుపు కోసం అంత బలం ఖర్చుపెట్టడం చూసినప్పుడు నాకు ఈ ఆట మీద గౌరవం రెట్టింపైంది.

జట్టును ఎలా ఎంచుకోవాలి

ఊరి పేరో దేశం పేరో వెతకకండి, దొరకడం అరుదు. రోడ్డు మీద జరిగే రేసుకు టికెట్ లేదు, స్టేడియం లేదు, కాబట్టి జట్టుకు డబ్బంతా స్పాన్సర్ నుంచే రావాలి, పేరూ స్పాన్సర్‌దే. స్పాన్సర్ మారితే పేరు మారుతుంది: టీమ్ స్కై 2019లో ఇనియోస్ అయింది, జంబో విస్మా 2024కల్లా విస్మా లీజ్ ఎ బైక్ అయింది. మనుషులు, కార్లు, పద్ధతులు చాలావరకు అవే.

పసుపు జెర్సీ పోరు దగ్గరగా చూడాలంటే ఇటీవలి ఏళ్ళలో రెండే దారులు, తాడే పొగాచార్ ఉన్న యూఏఈ, యోనాస్ వింగెగార్డ్ ఉన్న విస్మా. మూడు వారాలూ ఒకే ఉత్కంఠ వద్దు, రోజుకో గెలుపు చూడాలి అనుకుంటే మంచి స్ప్రింటర్ ఉన్న జట్టు. నా సలహా అడిగితే, మొదటి ఏడాది పెద్ద జట్టు, రెండో ఏడాది ఆహ్వానం మీద వచ్చే చిన్న ఫ్రెంచి జట్టు. చిన్న జట్టువాడు ఉదయాన్నే గుంపును విడిచి ముందుకు ఎందుకు దూకుతాడో, పట్టుబడతానని తెలిసినా ఎందుకు తొక్కుతాడో అప్పుడు తెలుస్తుంది. నాలుగు గంటలపాటు టీవీలో కనిపించేది అతని జెర్సీ, దాని మీద స్పాన్సర్ పేరు. వచ్చే ఏడాది జట్టుకు జీతాలు వస్తాయా లేదా అన్నది ఆ నాలుగు గంటల మీద కూడా ఆధారపడి ఉంటుంది. పైగా పదిసార్లలో ఒకసారి గుంపు లెక్క తప్పుతుంది, అతను నిజంగానే గెలుస్తాడు.

ఎంచుకున్నాక ఎనిమిది పేర్లూ బట్టీ పట్టక్కర్లేదు. జెర్సీ రంగు, హెల్మెట్ రంగు, నలుగురి పేర్లు చాలు. వీపు మీద నంబరు చూడటం అలవాటు చేసుకోండి: ఒక్కో జట్టుకు ఒక్కో పది, 1 నుంచి 8 ఒక జట్టుకు, 11 నుంచి 18 ఇంకో జట్టుకు, 21 నుంచి 28 మరో జట్టుకు, ఇలా. చివర 1 ఉంటే సాధారణంగా ఆ జట్టు నాయకుడు. ఒట్టి 1 నంబరు, నిరుటి విజేత వస్తే, అతనిది.

ఏ రోజు ఎప్పుడు పెట్టాలి

జూలైలో ఫ్రాన్స్ మనకంటే మూడున్నర గంటలు వెనక, కాబట్టి చాలా స్టేజీలు మనకు రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య ముగుస్తాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఉదయం కాఫీ వేళ. ముందురోజే ఆ స్టేజీ ఎత్తుపల్లాల బొమ్మ చూసి పెట్టుకోండి. చదునుగా ఉంటే చివరి అరగంట చాలు. కొండలుంటే చివరి రెండు గంటలూ కూర్చోండి, భోజనం ముందే ముగించండి. టైమ్ ట్రయల్ అయితే ఒక్కొక్కరే తొక్కుతారు, మధ్యలో వేసే సమయాలు చూస్తూ ఉండాలి. చదును రోజే అయినా రోడ్డు పక్కన జెండాలు అడ్డంగా రెపరెపలాడుతుంటే మాత్రం అస్సలు వదలకండి. పక్కగాలిలో ఒకరి వెనక ఒకరు కాకుండా ఏటవాలుగా నిలబడాలి, రోడ్డు వెడల్పు పదిహేనుమందికో ఇరవైమందికో సరిపోతుంది, మిగతావాళ్ళు తెగిపోతారు. తెలివైన జట్టు సరిగ్గా అప్పుడే లాగుతుంది. నాయకుడు ఏమరుపాటున వెనకబడితే ఏ కొండా లేకుండానే నిమిషాలు పోతాయి.

ముందు దూకినవాళ్ళు పట్టుబడతారా లేదా అని మీరే లెక్క కట్టొచ్చు. గుంపు గట్టిగా తరిమితే పది కిలోమీటర్లకు సుమారు ఒక నిమిషం తగ్గిస్తుందని పాత లెక్క, రొబేర్ షపాత్ అనే ఫ్రెంచి వ్యాఖ్యాత పేరుమీద చెప్తారు. ఇరవై కిలోమీటర్లుండగా తేడా మూడు నిమిషాలుంటే వాళ్ళకు ఆశ ఉంది. ఒకటిన్నరే ఉంటే కష్టం. ఇప్పుడు గుంపు ముందు ఏ జట్టువాళ్ళు లాగుతున్నారో చూడండి. రెండు మూడు జట్లు కలిసి లాగుతుంటే పట్టుకుంటారు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ‘నువ్వు లాగు’ ‘నువ్వే లాగు’ అన్నట్టు ఉంటే ముందున్నవాళ్ళ పంట పండినట్టే.

కొండల రోజు ఇంకో పని చెయ్యండి, వేళ్ళమీద లెక్క పెట్టండి. ఎక్కడం మొదలైనప్పుడు ప్రతి నాయకుడి పక్కన ఎంతమంది సొంతవాళ్ళున్నారు? సగం ఎక్కేసరికి ఎంతమంది? నిటారు కొండ మీద వేగం తగ్గుతుంది కాబట్టి గాలి ప్రభావం తక్కువే, అయినా పక్కన మనిషి ఉండటం వేరు. ఒక్కడే మిగిలినవాణ్ణి ఇద్దరు కలిసి ఏం చేయగలరో చూడాలంటే 2022 జూలై 13 నాటి పదకొండో స్టేజీ హైలైట్స్ వెతుక్కుని చూడండి, ఈ వ్యాసంలో మీరు ఒక్కటే చెయ్యదలిస్తే ఇది చెయ్యండి. పసుపు జెర్సీలో పొగాచార్, అంతకుముందు రెండేళ్ళ విజేత, ఎవరూ కదిలించలేరనిపించేవాడు. ప్రత్యర్థి జంబో విస్మాకు వింగెగార్డ్, ప్రిమోజ్ రోగ్లిచ్ అని ఇద్దరు. రోగ్లిచ్ ఐదో స్టేజీలో పడి దెబ్బలతో చాలా సమయం పోగొట్టుకున్నాడు, అతనికి సొంతంగా గెలిచే ఆశ లేదు. ఆ రోజు 2,642 మీటర్ల గాలిబియే కొండ దారిలో వీళ్ళిద్దరూ వంతులు వేసుకుని దూకారు. ఒకడు దూకితే పొగాచార్ పట్టుకోవాలి, పట్టుకుని ఊపిరి తీసుకునేలోపు రెండోవాడు. అతను ప్రతిసారీ తనే లేచి పట్టుకున్నాడు, చిరునవ్వుతో కూడా కనిపించాడు. ఆ చిరునవ్వు ఖరీదు ఆఖరి కొండ గ్రానోన్ మీద తెలిసింది. ఇంకా ఐదు కిలోమీటర్లు ఉండగా వింగెగార్డ్ వెళ్ళిపోయాడు, పొగాచార్ జెర్సీ జిప్పు విప్పుకుని తడబడుతూ 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు. టూర్ చివర్లో ఇద్దరి మధ్య తేడా 2 నిమిషాల 43 సెకన్లు. రోగ్లిచ్ ఆ స్టేజీలో చాలా వెనక వచ్చాడు, కొద్ది రోజులకే రేసు విడిచి వెళ్ళాడు. ఫలితాల పట్టిక మాత్రమే చూస్తే అతని పేరు కనిపించదు.

జట్టు ఆదుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే 2024 మహిళల టూర్ చూడండి. ఆ ఏడాది ఎనిమిది స్టేజీలే, మూడు వారాలు కూర్చునే తీరిక లేనివాళ్ళు దీనితోనే మొదలుపెట్టొచ్చు కూడా. ఐదో స్టేజీ చివర్లో పసుపు జెర్సీలో ఉన్న డెమీ వోలరింగ్ కింద పడింది. ఆమె జట్టు మనిషి బ్లాంకా వాష్ ముందు గుంపులో ఉండి ఆ స్టేజీ గెలిచింది, వోలరింగ్ ఒకటిన్నర నిమిషం పైగా పోగొట్టుకుని జెర్సీ వదులుకుంది. ఆఖరి రోజు ఆల్ప్ ద్యూజ్ మలుపులన్నీ ప్రాణం పెట్టి ఎక్కి స్టేజీ గెలిచినా, మొత్తం లెక్కలో కాషా నియెవియదోమాకంటే 4 సెకన్లు వెనకబడింది. ఐదో స్టేజీలో జట్టు ఆగి ఆమెను లాక్కొచ్చి ఉంటే అనే వాదన అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. నేనైతే ఆగాల్సిందనే అంటాను, స్టేజీ చేతికందినప్పుడు వదలకూడదనేవాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు.

ఇలా చూడటం మొదలుపెట్టాక మీ జట్టువాళ్ళ కోసం వెనక్కి కూడా చూడండి. కొండల రోజు స్ప్రింటర్లు, పని ముగించిన డొమెస్టిక్‌లు అందరూ కలిసి వెనక ఒక గుంపు కడతారు, విజేత సమయాన్ని బట్టి లెక్క కట్టిన గడువులోపల గీత దాటాలి, లేకపోతే మరునాడు బయలుదేరే హక్కు లేదు. టీవీ వాళ్ళు దీన్ని తక్కువ చూపిస్తారు, ఫలితాల్లో చివరి పేజీ మీరే తెరవాలి. పొద్దున సీసాలు మోసినవాడు నూట ముప్పయ్యో స్థానంలో, గడువుకు ఐదు నిమిషాల ముందు చేరాడని కనిపిస్తే హమ్మయ్య అనిపిస్తుంది. ఆఖరి రోజు మీ ఎనిమిది మందిలో ఎంతమంది మిగిలారో లెక్క పెట్టండి, బహుమతి డబ్బు గుర్తుకు తెచ్చుకోండి: టూర్ విజేతకు వచ్చే 5 లక్షల యూరోలను ఆనవాయితీ ప్రకారం అతను తన దగ్గర ఉంచుకోడు, జట్టులో తొక్కినవాళ్ళకూ మెకానిక్‌లకూ మిగతా సిబ్బందికీ పంచుతారు.