కోతి మెడలో జీపీఎస్ కాలర్: డేటా తేడా కొడితే ఎక్కడ చూడాలి

కెన్యాలోని మ్పాలా పరిశోధన కేంద్రంలో 2012లో ఒకే గుంపులోని 25 ఆలివ్ బబూన్లకు (ఆఫ్రికాలోని పెద్ద కోతులు) కాలర్లు పెట్టి, పగటిపూట సెకనుకో పాయింట్ (కోతి ఉన్న చోటు) చొప్పున రికార్డు చేశారు. గుంపు ఎటు నడవాలో పెద్ద మగది ఒక్కటే తేల్చదని, ఎక్కువ బబూన్లు ఎటు మొగ్గితే మిగతావి అటు వెళ్తాయని ఆ డేటాతోనే 2015లో చూపించారు. అలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు సాధారణంగా ఎదురయ్యే చిక్కులు ఇవి.

ఉదయం పాయింట్లు లేవు, రాత్రివి ఉన్నాయి

మ్పాలాలాంటి చోట రోజూ మొదటి పాయింట్ 9 గంటలకు, చివరిది రాత్రి 9కి పడుతోందా? కాలర్ చెడిపోయిందని టెన్షన్ పడకండి. మీరు 6 నుంచి 18 అని పెట్టారు, కాలర్ గడియారమేమో యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తోంది. కెన్యా సమయం దానికి 3 గంటలు ముందుంటుంది కాబట్టి 3 నుంచి 15 అని పెట్టాలి. మన దగ్గరైతే ఐదున్నర గంటలు తగ్గించుకోవాలి. చూడటానికి చిన్న పొరపాటే. కానీ బబూన్లు పడుకున్న చెట్లు దిగి, ఎటు బయల్దేరాలో తేల్చుకునే సమయమంతా అందులోనే పోతుంది. కోతికి పెట్టే ముందు కాలర్‌ను ఒక పూర్తి రోజు మేడ మీద ఉంచి, డేటా దింపి చూడండి.

కోతులను తీసిన వీడియోకీ కాలర్‌కీ సరిగ్గా 18 సెకన్ల తేడా ఉంటే అది వేరే సంగతి. భూమి తిరుగుడుకు సరిపోయేలా యూటీసీలో అప్పుడప్పుడు కలిపే లీప్ సెకన్లను జీపీఎస్ సమయంలో కలపరు. అందుకే 2017 నుంచి అది యూటీసీ కంటే 18 సెకన్లు ముందుంది. మీ కాలర్ ఏ సమయం రాస్తోందో చూసుకుని సరిచేయండి.

కోతి ఒక్క గెంతులో 200 మీటర్లు పోయింది

దట్టమైన కొమ్మల కింద, బండల పక్కన ఉపగ్రహ సంకేతం నేరుగా రాదు, తగిలి తిరిగి వస్తుంది. నేను కాలర్‌ను మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన పెట్టినప్పుడు పాయింట్లు పక్కింటి దాకా చెదిరాయి. నాలుగడుగులు ఇవతలికి జరిపితే దగ్గరికి వచ్చాయి. ఎన్ని ఉపగ్రహాలు దొరికాయో, డీఓపీ (ఉపగ్రహాల అమరిక వల్ల తప్పు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె) ఎంతో చూసి, కోతి పరుగెత్తలేనంత వేగం చూపే పాయింట్లను పక్కన పెట్టండి. పూర్తిగా చెరిపేయకండి. ఎత్తు లెక్కలో తప్పు ఇంకా ఎక్కువగా ఉంటుంది. కోతి చెట్టు మీద ఉందా, నేల మీద ఉందా అన్నది దాన్ని బట్టి చెప్పకండి.

బ్యాటరీ అనుకున్నదానికంటే ముందే అయిపోతోంది

చాలాసేపు నిద్రపోయి లేచిన కాలర్ ఉపగ్రహాల కక్ష్య వివరాలు మళ్లీ దింపుకోవాలి. ఆకాశం బాగా కనిపించినా దానికి అర నిమిషం పడుతుంది. చెట్ల కింద అయితే వెతుకుతూనే ఉంటుంది. అందుకని వెతికే సమయానికి హద్దు పెట్టండి. పెద్ద బ్యాటరీ మాత్రం పరిష్కారం కాదు. కాలర్‌ను కోతి బరువులో 3 శాతం లోపే ఉంచాలంటే, నాలుగు కిలోల కోతికి 120 గ్రాములే.

డేటా దిగడం లేదు

కోతులు ఒకదాని మెడ ఒకటి గీరుకుంటూ యాంటెన్నాను కొరికేస్తాయి. అది ముందే ఊహించి యాంటెన్నాను పట్టీలోపలే కుట్టించుకోవాలి. అది బాగానే ఉంటే, చీకటి పడ్డాక గుంపు పడుకునే చెట్ల దగ్గరికి రిసీవర్ తీసుకెళ్లండి. కదలకుండా కూర్చుంటాయి, డేటా తాపీగా దిగుతుంది.

పాయింట్లన్నీ ఒకేచోట

ముందు యాక్సిలరోమీటర్ (కాలర్‌లో కదలికను కొలిచే భాగం) గ్రాఫ్ చూడండి. నిద్రలో కూడా కోతి ఒళ్లు కదుపుతుంది, గోక్కుంటుంది. గీత గంటల తరబడి చదునుగా ఉంటే కాలర్ ఊడిపోయింది, లేదా కోతి చనిపోయింది. మ్పాలాలో బబూన్లను చిరుతలు వేటాడతాయి, ఒంటరిగా వెళ్లకండి. ఆ రోజే వెళ్లండి, ఆలస్యమైతే ఆనవాళ్లు మిగలవు. పట్టీ మీద పంటిగాట్లు, లోపల అతుక్కున్న వెంట్రుకలు, బకిల్ తెరుచుకున్న తీరు, అన్నీ ఫొటో తీశాకే చేత్తో ముట్టుకోండి.

మెడ దగ్గర వెంట్రుకలు ఊడుతున్నాయి

బైనాక్యులర్స్‌తో పట్టీ అంచును వారానికోసారైనా చూడండి. కోతి మాటిమాటికీ అక్కడే గోక్కుంటున్నా, చర్మం ఎర్రబడినా వెంటనే డ్రాప్-ఆఫ్ (దూరం నుంచే కాలర్‌ను ఊడదీసే ఏర్పాటు) నొక్కండి, ఆ కోతి డేటా పోయినా సరే. ఒక్కోసారి డ్రాప్-ఆఫ్ తెరుచుకోదు. అప్పుడు మత్తిచ్చి, మళ్లీ పట్టుకుని తీయాల్సిందే. ఆ ఖర్చు, వెటర్నరీ డాక్టరు రోజులు మొదటి బడ్జెట్‌లోనే రాసుకోండి.