బాలల రక్షణ కార్యక్రమాల మూల్యాంకనం – నాలుగో పాఠం: హారంలో లేని పిల్లలు

గత పాఠం చివర ఒక చిన్న లెక్క ఇచ్చాను. యుద్ధం ఆగిన ఒక దేశంలో, సాయుధ దళాల నుంచి బయటికి వచ్చిన పిల్లల కోసం నడిపిన వృత్తి శిక్షణలో 120 మంది చేరారనీ, 102 మంది పూర్తిచేశారనీ చెప్పి, కార్యక్రమం ఎంతవరకు ఫలించిందో ఒక్క వాక్యంలో రాయమన్నాను. 85 శాతం అని రాసినవారి భాగహారంలో పొరపాటేమీ లేదు. అయితే లవాన్ని రెండుసార్లు సరిచూసుకొనే మనం హారాన్ని ఒక్కసారి కూడా నిలదీయం. ఆ 120 మందిని ఎవరు, ఏ నెలలో, ఏ నిబంధన ప్రకారం రాసుకున్నారు? రాసుకొనేవారు వచ్చిన రోజున ఊళ్ళో లేనివారి సంగతి ఏమిటి? రెండో పాఠంలో చూసిన ఆరు మూల్యాంకన ప్రమాణాలను (ఔచిత్యం, పొందిక, ఫలసాధన, సామర్థ్యం, ప్రభావం, సుస్థిరత), అంటే 1991లో ఐదుగా మొదలై 2019లో పొందికను కూడా కలుపుకొన్నవాటిని, ఎంత శ్రద్ధగా వర్తింపజేసినా ఈ ప్రశ్నకు జవాబు లేకపోతే నివేదిక గాలిలోనే నిలబడుతుంది.

నేపాల్ ఉదాహరణ తీసుకుందాం. అక్కడి అంకెలు ఒక్కో మెట్టు దిగుతూ ఎలా చిక్కిపోయాయో స్పష్టంగా నమోదై ఉండడమే ఈ ఎంపికకు కారణం. 1996లో మొదలైన మావోయిస్టు సాయుధ పోరాటం 2006 నవంబరు 21న కుదిరిన సమగ్ర శాంతి ఒప్పందంతో ముగిసింది. మావోయిస్టు సైన్యాన్ని శిబిరాల్లో ఉంచి, ఐక్యరాజ్య సమితి ఆధ్వర్యంలో మొదటి విడత నమోదు జరిపినప్పుడు 32,250 మంది పేర్లు చేరాయి. 2007లో జరిగిన రెండో విడత పరిశీలనకు వారిలో 23,610 మందే హాజరయ్యారు. వారిలో 19,602 మందిని సైనికులుగా ధ్రువీకరించి, 4,008 మందిని పక్కన పెట్టారు. పక్కన పెట్టినవారిలో 2,973 మంది మైనర్లు, అంటే 1988 మే 25 తరువాత పుట్టి, గడువు తేదీ అయిన 2006 మే 25 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండనివారు. మిగిలిన 1,035 మంది ఆ గడువు తేదీ తరువాత దళంలో చేరినవారు. వీరి విడుదల మాత్రం 2010 జనవరి, ఫిబ్రవరి నెలల దాకా జరగలేదు. అప్పటికి ఎక్కువమంది పద్దెనిమిదేళ్ళు దాటేశారు. విడుదల సభలకు వచ్చినవారు 2,394 మంది కాగా, 1,614 మంది అసలు అక్కడ లేరు. ఆ తరువాత చదువు, వృత్తి శిక్షణ, ఆరోగ్య రంగ శిక్షణ, చిన్న వ్యాపారం అనే నాలుగు దారుల్లో ఒకదాన్ని ఎంచుకొనే పునరావాస కార్యక్రమాన్ని ఐక్యరాజ్య సమితి సంస్థలు నడిపాయి.

ఇప్పుడు అభ్యాసం కోసం ఒక అంకెను ఊహించుకుందాం. ఇలాంటి కార్యక్రమంలో 1,250 మంది చేరి, 1,000 మంది పూర్తిచేశారనుకోండి. చేరినవారిని హారంగా పెట్టుకుంటే 80 శాతం. విడుదల సభకు వచ్చిన 2,394 మందిని పెట్టుకుంటే దాదాపు 42 శాతం. పక్కన పెట్టిన 4,008 మందిని పెట్టుకుంటే 25 శాతం. మూడూ సరైన అంకెలే, అయితే మూడూ మూడు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు. మొదటిది శిక్షణ కేంద్రం నాణ్యతను గురించి, రెండోది పిలుపు ఎంతమందిని కదిలించిందన్నదాన్ని గురించి, మూడోది బాధ్యత ఎంతవరకు నెరవేరిందన్నదాన్ని గురించి చెబుతుంది. ఇక రెండో విడతకు రాకుండా పోయిన 8,640 మంది ఏ హారంలోనూ లేరు. వారిలో మైనర్లెందరో ఈ జాబితాలు ఎంత తిరగేసినా తేలదు.

ఇంకొక మాట. పక్కన పెట్టినవారికి నేపాలీలో పడిన పేరు ‘అయోగ్య’. ఆ మాటకు మనకు అనువాదం అక్కరలేదు. ఆ ముద్రను తొలగించాలని వారిలో కొందరు ఏళ్ళ తరబడి ఆందోళన చేశారు. సాయం అందుకోవడానికి ముందు ఒక పిల్లవాడు ఏ పేరును తలకెత్తుకోవలసి వచ్చిందన్నది మూల్యాంకనంలో తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న అని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ పేరు నచ్చనివాడు జాబితాలోకే రాడు, జాబితాలోకి రానివాడు మన శాతంలో కనబడడు.

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. చాలా ఏళ్ళ క్రితం ఉమ్మడి ప్రకాశం జిల్లాలో, పని మాన్పించిన పిల్లల కోసం ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్న బడిని చూసి నివేదిక ఇవ్వమని నన్ను పంపారు. మే నెల ఎండలో ఒంగోలు నుంచి బస్సు దిగి వెళ్ళాను. రిజిస్టరు ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది, హాజరు చెప్పుకోదగ్గట్టుగా ఉంది, పిల్లలు చలాకీగా పద్యాలు చెప్పారు. సర్వేలో గుర్తించిన 48 మందిలో 47 మంది బడిలో ఉన్నారని, 98 శాతం అని, నోటు పుస్తకంలో రాసుకొని, కింద ఒక గీత కూడా గీసుకున్నాను. తిరుగు బస్సుకు గంట సమయం ఉండడంతో దారిలో ఉన్న పొగాకు గ్రేడింగ్ షెడ్డు నీడలో నిలబడ్డాను. లోపల పన్నెండేళ్ళ పిల్ల ఒకతె ఒళ్ళో తమ్ముణ్ణి పడుకోబెట్టుకొని, ఆకును వెలుతురుకు పట్టి చూసి రంగునుబట్టి మూడు కుప్పలుగా వేస్తోంది. ధూళికి తమ్ముడు దగ్గినప్పుడల్లా ఎడమ చేత్తో వాడి మొహం మీదికి పైట కొంగు లాగుతోంది గానీ కుడి చెయ్యి ఆగడం లేదు. “బడికి పోవట్లేదా అమ్మా?” అని అడిగాను. “మా పేర్లు రాసుకోలా సార్. వాళ్ళొచ్చినప్పుడు మేం కాయల కోతకి పోయున్నాం” అంది, తల ఎత్తకుండానే.

సర్వే జరిగింది ఫిబ్రవరిలో. మా పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోయే కాలం అది. అంటే ఆ బడి ఎవరికోసం పెట్టారో సరిగ్గా వారే ఊళ్ళో లేని నెలలో జాబితా తయారైంది. నా 98 శాతం, ఊళ్ళో నిలకడగా ఉండగలిగిన కుటుంబాల పిల్లల శాతం మాత్రమే.

మరి జాబితాలో లేనివారిని లెక్కపెట్టేది ఎలా? చెరువులో చేపలెన్నో తెలియాలంటే నీళ్ళన్నీ తోడనక్కరలేదు. కొన్ని పట్టి గుర్తు పెట్టి వదిలి, మళ్ళీ వల వేసినప్పుడు పడినవాటిలో గుర్తున్నవి ఎన్నో చూసి మొత్తాన్ని అంచనా కట్టవచ్చు. డెన్మార్క్ జీవశాస్త్రజ్ఞుడు పీటర్సన్ పేరుతో నిలిచిన ఈ ఉపాయాన్నే మనుషుల జాబితాలకూ వర్తింపజేస్తారు. ఒక శిబిరంలో తల్లిదండ్రుల నుంచి విడిపోయిన పిల్లలను రేషను ఇచ్చేవారు 60 మందిని, వైద్యశాలవారు 50 మందిని విడివిడిగా నమోదు చేశారనుకోండి. రెండింటిలోనూ ఉన్న పేర్లు 25. అరవైని యాభైతో గుణించి ఇరవై అయిదుతో భాగిస్తే 120 వస్తుంది. రెండు జాబితాలు కలిపినా దొరికే పిల్లలు 85 మందే కాబట్టి, ఎవరి కంటా పడనివారు సుమారు 35 మంది. పెరూలో సత్యశోధన, సయోధ్య కమిషన్ 2003లో ఇదే కోవకు చెందిన పద్ధతితో ఆ దేశపు అంతర్గత సాయుధ సంఘర్షణలో చనిపోయినవారిని 69,280 మందిగా అంచనా వేసింది. అప్పటికి కమిషన్ దగ్గర నమోదైనవారు సుమారు 24,000 మందే. ఆ అంచనాపై తరువాత వాదాలు జరిగాయన్నదీ గుర్తుంచుకోవాలి.

వాదాలకు కారణం ఈ పద్ధతి అడుగున ఉన్న షరతే. రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తయారై ఉండాలి, మధ్యలో జనం పెద్దగా వచ్చిపోతూ ఉండకూడదు. ఇద్దరూ ఒకే పెద్దమనిషిని అడిగి రాసుకుంటే ఉమ్మడి పేర్లు పెరిగిపోయి, కనబడనివారి అంకె తగ్గిపోతుంది. అన్ని జాబితాలూ ఒకే రకం పిల్లలను వదిలేస్తే ఏ గుణకారమూ వారిని వెతికి తేలేదు. 1991 నుంచి 2002 దాకా అంతర్యుద్ధం సాగిన సియెర్రా లియోన్‌లో నిరాయుధీకరణ కార్యక్రమం సుమారు 6,800 మంది పిల్లలను నమోదు చేసింది. వారిలో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. దళాల్లో అమ్మాయిలు లేక కాదు. చాలాచోట్ల తుపాకీ అప్పగిస్తేనో, దాన్ని విప్పి బిగించి చూపిస్తేనో తప్ప పోరాడినట్లు ఒప్పుకోలేదు, పైగా కమాండర్లు ఆ అమ్మాయిలను తమ ‘భార్యలు’గా చెప్పి వెనక్కి నెట్టారు.

ఇలాంటిచోట పనికివచ్చేది ఇరుగుపొరుగు పద్ధతి. ఉత్తర ఉగాండాలో స్త్రీలపై హింసను కొలవడానికి పరిశోధకులు దీన్ని వాడారు. ఒక ఇంటి ఇల్లాలిని తన ఇంటి సంగతితోపాటు పక్కింటి సంగతి కూడా, పేరు చెప్పనక్కరలేకుండా, అడుగుతారు. తన ఇంటి గుట్టు దాచుకొనే మనిషి కూడా పక్కింటి విషయంలో కొంత నోరు విప్పుతుందన్నది మన పల్లెల్లో కొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. అయితే విన్నదీ ఊహించిందీ కలిసిపోయే ప్రమాదం ఉంది గనుక, ‘మీకు ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్నను విడిగా అడిగి రాసుకోవాలి.

సంఘర్షణ ప్రాంతంలో పేర్ల జాబితా కూడా ఒక ఆయుధమే. ఒకప్పుడు దళంలో ఉన్న పిల్లల పేర్లు, ఊళ్ళు ఉన్న కాగితం ఎవరి చేతుల్లో పడినా వారి ఇంటి తలుపు మళ్ళీ తట్టేవారుంటారు. పేర్లకు బదులు సంకేతాలు వాడాలి, ఏ సంకేతం ఎవరిదో చెప్పే కాగితం వేరేచోట ఉండాలి. సాయుధ దళాల్లోని పిల్లల విషయమై అంతర్జాతీయంగా కుదిరిన 2007 నాటి పారిస్ సూత్రాలు కూడా, దళాల నుంచి వచ్చిన పిల్లలను వేలెత్తి చూపేలా సాయం చేయవద్దనీ, చుట్టుపక్కల కష్టంలో ఉన్న ఇతర పిల్లలనూ కలుపుకోవాలనీ చెబుతాయి. పిల్లలతో నేరుగా మాట్లాడవలసి వస్తే, మనం దాచిపెట్టలేని సంగతులేమిటో ముందే చెప్పాలి. మన దేశంలోనైతే పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేసి తీరాలి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇచ్చి ప్రశ్నలు మొదలుపెట్టడం ఆ పిల్లను మోసం చేయడమే అవుతుంది.

ఈ వారం అభ్యాసానికి మీకు దగ్గరలో ఉన్న ఒక ఊరిని ఎంచుకోండి. బడి మానేసిన పిల్లలు ఎందరని ప్రధానోపాధ్యాయులను ఒకసారి, ఆశా కార్యకర్తను ఒకసారి విడివిడిగా అడగండి. పేర్లు మీరు తీసుకోవద్దు. వారిద్దరినే జాబితాలు సరిపోల్చుకొమ్మని, మొదటి జాబితా ఎంత, రెండోది ఎంత, రెండింటిలో ఉన్నవారెందరు అన్న మూడు అంకెలు మాత్రమే చెప్పమనండి. పిల్లలను ఎవరినీ ప్రశ్నించవద్దు. ఎవరైనా పిల్లలు ప్రమాదంలో ఉన్నట్లు అనిపిస్తే అభ్యాసం ఆపి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి. అంచనా కట్టాక, ఆ ఇద్దరి జాబితాలూ ఒకరిని చూసి ఒకరు రాసుకున్నవేమో విచారించి, మీ అంకె పక్కన రాయండి. కోతలకు వెళ్ళిన కుటుంబాలు తిరిగి వచ్చాక అదే ఊళ్ళో అవే మూడు అంకెలు మళ్ళీ సేకరించండి. ఐదో పాఠం ఆ రెండు లెక్కల మధ్య తేడాతో మొదలవుతుంది.