తిరుపతి, చిత్తూరు వాళ్ళు మొదటి పిస్టల్ ఎంచుకోవడం ఎలా

థ్రెడెడ్ బ్యారెల్ ఉన్న ఫుల్ సైజ్ సెమీ ఆటోమేటిక్ పిస్టల్ ఏది మంచిది అని మన వైపు కుర్రాళ్ళు అడుగుతూనే ఉంటారు. అమెరికా వీడియోలు చూసి పుట్టే ప్రశ్న ఇది. ముందు దాని సంగతి తేల్చేసి పనికొచ్చే విషయానికి వెళ్దాం.

బ్యారెల్ కొసన మరలు పెట్టేది ముఖ్యంగా సైలెన్సర్ లాంటివి బిగించడానికి. పేలుడు శబ్దాన్ని, మంటను తగ్గించే పరికరాలు మన 2016 ఆయుధ నియమాల్లో నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. ఆ వీడియోల్లో కనిపించే 9 ఎంఎం పిస్టళ్ళు కూడా ప్రొహిబిటెడ్ బోర్ (బోర్ అంటే బ్యారెల్ లోపలి వెడల్పు) కిందికి వస్తాయి కాబట్టి మామూలు లైసెన్సు మీద దొరకవు. లైసెన్సు మీద కొనగలిగేవి .32, .22 లాంటివి. వాటికీ ఎందుకు కావాలో కారణం చూపాలి, కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, పోలీసు విచారణ జరగాలి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడింది కాబట్టి శ్రీకాళహస్తి వాళ్ళు తిరుపతికి, పలమనేరు వాళ్ళు చిత్తూరుకు వెళ్ళాలి, పాత అలవాటు కొద్దీ అందరూ చిత్తూరు దారి పట్టక్కర్లేదు.

మీకు నిజంగా ఉన్నది గురి కొట్టడం నేర్చుకోవాలన్న కోరికైతే దానికి సరైన దారి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, అంటే సిలిండర్‌లో నింపిన ఒత్తిడి గాలితో పెల్లెట్ అనే చిన్న గుండును కొట్టే పిస్టల్. .177 బోర్, 20 జూల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు, పోటీల్లో వాడే ఎయిర్ పిస్టళ్ళు ఆ హద్దుకు చాలా కిందే ఉంటాయి. కొనేటప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు మాత్రం ఇవ్వాలి. ఇదేదో పిల్లలాట అని కొట్టిపారేయకండి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది దీంతోనే, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ వెండి పతకం గెలిచిందీ దీంతోనే. నిలబడి, ఒక్క చేత్తో, 10 మీటర్ల దూరంలో ఉన్న 11.5 మిల్లీమీటర్ల పది పాయింట్ల చుక్కను 60 సార్లు వరుసగా కొట్టడం ఎంత కష్టమో ఒకసారి చెయ్యి చాపి చూస్తే తెలిసిపోతుంది.

ఏది కొనాలి అంటే నా మాట ఒక్కటే. మీ చేతికి అమరేది, పాడైతే దగ్గర్లో బాగుచేసేవాళ్ళు ఉండేది కొనండి, బ్రాండ్ సంగతి ఆ తర్వాత. వాల్తర్ ఎల్‌పీ500, స్టెయర్ ఈవో 10, మోరిని సీఎం 162ఈఐ, పార్డిని కె12, ఫైన్‌వెర్క్‌బావ్ పీ8ఎక్స్, వీటిలో ఏదైనా మీకంటే బాగానే కొడుతుంది, మీకు చాలా ఏళ్ళ పాటు చాలుతుంది. ఇవన్నీ లక్షన్నర దాటే వస్తువులు. అందుకే ముందు షూటింగ్ రేంజ్‌లో ఉన్న పిస్టల్‌తోనో కోచ్ ఇచ్చిన దానితోనో కొన్ని నెలలు సాధన చేసి, ఆట మీద మనసు నిలిచాకే డబ్బు పెట్టాలి. ఇంట్లో వాళ్ళను అప్పు చేయించి మొదటి వారంలోనే కొనిపించడం అన్యాయం.

చెయ్యి విషయానికి వద్దాం, ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే. ఈ పిస్టళ్ళకు చెక్క గ్రిప్, అంటే పిడి, ఉంటుంది, చిన్నది, మధ్యరకం, పెద్దది అని సైజులు, కుడిచేతికి వేరు, ఎడమచేతికి వేరు. షాపులో పరీక్ష ఇలా చేయాలి. పిస్టల్ ఖాళీగా ఉందని కళ్ళతో చూసుకోండి, మనుషులు లేని గోడ వైపు తిరగండి, గ్రిప్‌ను పట్టుకుని కళ్ళు మూసుకుని చేతిని భుజం ఎత్తుకు లేపి, మణికట్టును ఏ మాత్రం సర్దకుండా కళ్ళు తెరవండి. ముందు సైట్ (బ్యారెల్ కొసన గురి చూసే మొన) వెనక సైట్ గాడిలో మధ్యన నిలబడి ఉంటే గ్రిప్ మీదే. ముందు సైట్ ఎడమకో కుడికో పోయిందంటే గ్రిప్ సర్దాలి, పైకో కిందికో పోయిందంటే గ్రిప్ వాలు మార్చాలి, చాలా మోడళ్ళలో ఆ సర్దుబాటు ఉంటుంది. చెయ్యి దించి అలాగే మళ్ళీ మళ్ళీ చేసి చూడండి. షాపువాడు తొందరపెడుతుంటే ఆ షాపు వదిలేయండి.

అరచేయి కింద ఆనే చెక్క పలకను పైకీ కిందికీ జరపొచ్చు. గట్టిగా బిగించేసి చెయ్యి ఇరికించకూడదు, మధ్యాహ్నానికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పైగా ఆ పలక మణికట్టును చుట్టి ఆధారంలా ఉండకూడదని పోటీ నిబంధన. చిన్న చిన్న ఖాళీలుంటే చెక్క పుట్టీ పెట్టి, ఎండాక ఉప్పుకాగితంతో రుద్ది సరిచేసుకుంటారు. ఆ పని చేతకాకపోతే మంచి వడ్రంగిని పట్టుకోండి. తిరుపతి జిల్లాలోనే శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కేవాళ్ళున్నారు, అంత నైపుణ్యం ఉన్న చేతులకు గ్రిప్ మీద అర మిల్లీమీటర్ తీయడం పెద్ద పని కాదు. కాకపోతే గ్రిప్ ఊడదీసి అదొక్కటే తీసుకెళ్ళాలి, పిస్టల్ ఇంట్లోనే ఉండాలి.

ట్రిగ్గర్ బరువు 500 గ్రాములకు తగ్గకూడదు, పోటీకి ముందు బరువు వేలాడదీసి చూస్తారు. మెకానికల్, ఎలక్ట్రానిక్ అని రెండు రకాలు. ఎలక్ట్రానిక్‌లో డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే) సాధన సుఖం, ప్రతిసారీ లివర్ ఎత్తక్కర్లేదు, కానీ బ్యాటరీ చూసుకుంటూ ఉండాలి, సర్క్యూట్ పోతే మన ఊళ్ళో తెరిచి బాగుచేసేవాడు దొరకడం కష్టం. టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మొరాయించి విలువైన సమయం పోయింది, ఆ స్థాయిలోనే అంత టెన్షన్ పడితే జిల్లా పోటీల్లో ఒక్కడే ఉన్న పిల్లాడి గతేంటి? మొదటి పిస్టల్‌కు నేనైతే మెకానికల్ ట్రిగ్గరే తీసుకోమంటాను.

ఫుల్ సైజ్ ఎయిర్ పిస్టల్ బరువు కిలోకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పన్నెండు పదమూడేళ్ళ పిల్లలకు, సన్నటి మణికట్టున్న వాళ్ళకు అది మొదట్లో బరువే. కొన్ని కంపెనీలు పొట్టి బ్యారెల్, చిన్న సిలిండర్‌తో కాంపాక్ట్ మోడళ్ళు చేస్తాయి. పెద్దయ్యాక ఎలాగూ వాడతాడు కదా అని ఇప్పుడే పెద్దది కొనిచ్చి భుజం నొప్పి తెప్పించకండి.

ఇక సిలిండర్. చాలా మోడళ్ళలో నింపేది 200 బార్ వరకు. పంక్చర్ షాపు కంప్రెసర్ ఆ ఒత్తిడికి దరిదాపుల్లోకి కూడా రాదు, కాబట్టి ప్రత్యేకమైన చేతి పంపు గానీ, రేంజ్‌లో పెద్ద గాలి సిలిండర్ గానీ ఉండాలి. కొనేముందే దీన్ని అడిగి తెలుసుకోండి. ఎవరైనా ఆసుపత్రి ఆక్సిజన్ సిలిండర్ నుంచి నింపుదామంటే చచ్చినా ఒప్పుకోవద్దు, లోపల నూనె, గ్రీజు తగిలి పేలే ప్రమాదం ఉంది. అక్టోబర్, నవంబర్ వానల్లో గాలిలో తేమ ఎక్కువ, పంపుకు తేమ పీల్చే ఫిల్టర్ ఉంటే లోపల తుప్పు పట్టదు. మే నెల ఎండలో తిరుపతిలో మూసి ఉన్న కారు లోపల ఎంత కాగుతుందో మనకు తెలుసు, నిండిన సిలిండర్ అందులో వదలొద్దు. సిలిండర్ మీద తయారీ తేదీ ఉంటుంది, పదేళ్ళు దాటితే అంతర్జాతీయ పోటీల్లో అనుమతించరు.

అందుకే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మొదట చూడాల్సింది ఆ తేదీనే. తర్వాత సిలిండర్ నింపి పిస్టల్‌కు బిగించి రాత్రంతా ఉంచి, పొద్దున్నే మీటర్ చూడండి, ముల్లు దిగితే ఎక్కడో సీల్ పోయినట్టే. బిల్లు లేకుండా, సీరియల్ నంబర్ గీకేసి ఉంటే ఎంత చవకైనా వద్దు. చిత్తూరు నుంచి చెన్నై, బెంగళూరు రెండూ ఒక్క రోజులో వెళ్ళొచ్చే దూరమే. వెళ్ళి చేత్తో పట్టుకుని చూసి, స్పేర్ సీళ్ళు వాళ్ళ దగ్గర ఉన్నాయా, సర్వీసు ఎవరు చేస్తారు అని అడిగి, అప్పుడు డబ్బు కట్టండి.

పెల్లెట్లు తల చదునుగా ఉండే వాడ్‌కట్టర్ రకమే కొనాలి, కాగితం మీద గుండ్రటి రంధ్రం శుభ్రంగా పడుతుంది. అవి సీసంతో చేసినవి కాబట్టి సాధన అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా ఏమీ తినకూడదు, పిల్లలకు ఇది గట్టిగా చెప్పాలి.

ఇంట్లో పిస్టల్, సిలిండర్, పెల్లెట్లు వేర్వేరుగా తాళం వేసి ఉంచండి. రేంజ్‌కు తీసుకెళ్ళేటప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (పిస్టల్ ఖాళీ అని చూపే రంగు తీగ) పెట్టి మూసిన పెట్టెలో పెట్టండి, బిల్లు జిరాక్స్ అందులోనే ఉండనివ్వండి. పోటీ ముగించుకుని అటునుంచటే దర్శనానికి వెళ్దామనుకుంటే మాత్రం ముందు ఇంటికొచ్చి పిస్టల్ దించేయండి. అలిపిరి దగ్గర ప్రతి సంచీ తనిఖీ చేస్తారు, ఎయిర్ పిస్టలే అని మీరెంత చెప్పినా కొండ మీదకు పంపరు.