ముసురులో క్లియర్ కోట్‌కి పట్టిన తెలుపు ఇలా పోయింది

అమలాపురంలో ముసురు పట్టిన రోజున స్పిట్‌ఫైర్ విమానం ప్లాస్టిక్ మోడల్‌కి (అసలు దానిలో 72వ వంతు సైజు) లాకర్ క్లియర్ కోట్, అంటే రంగుల పైన వేసే పారదర్శకమైన పూత, కొట్టాను. చూస్తుండగానే రెక్కలు పాలు పోసినట్టు తెల్లబారాయి. తుడిచాను, ఆరబెట్టాను, ఇంకో కోటు వేశాను; ఏదీ పనిచేయలేదు.

లాకర్‌లోని థిన్నర్ చప్పున ఆవిరై పెయింట్ చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరుతుంది. అందుకే ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగాను. మోడల్‌ని గంటసేపు బల్బుకి దూరంగా పెట్టి గోరువెచ్చగా చేశాను. మరీ వేడెక్కితే ప్లాస్టిక్ వంగిపోతుంది, జాగ్రత్త. తలుపులు తీసి, మాస్క్ పెట్టుకుని, ఎయిర్‌బ్రష్‌లో (పెయింట్ చల్లే చిన్న స్ప్రే గన్) రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసేది) కలిసిన లాకర్ థిన్నర్ ఒక్కటే పోశాను. జానెడు దూరం నుంచి మంచులా ఒక్క పొర. తడి మెరుపు రాగానే ఆపేశాను. అరగంటకి రెక్క మీది ఎరుపు, నీలం గుండ్రాలు మళ్లీ తేటగా కనిపించాయి, ఎంత ఊరటో!

నేను లాకర్ మీదే చేశాను, అదీ ఒక్కసారే. ఆక్రిలిక్ రకం క్లియర్ కోట్‌కి పనిచేస్తుందని చెప్పలేను. డెకాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తుల స్టిక్కర్లు) దెబ్బతినొచ్చు, ముందు అడుగుభాగాన ఓ మూల కొట్టి చూడండి.