బంతి పక్కన పెట్టి, ఇసుకలో గీత గీసి: కొత్త గోల్ఫ్ స్వింగ్ ఒంటబట్టే దాకా

నాకు 46 ఏళ్లు. బరంపురంలో మందుల షాపు నడుపుతాను. నెలకోసారి విశాఖలో మా బావగారింటికి వెళ్లినప్పుడు గోల్ఫ్ ఆడతాను. పోయిన ఏడాది అక్కడి కోచ్ గారు నా స్వింగ్ (బంతిని కొట్టడానికి కర్ర ఊపే తీరు) చూసి ఒక్కటే మాట చెప్పారు: "కొట్టేటప్పుడు బరువంతా కుడికాలి మీదే ఉండిపోతోందండీ. అందుకే క్లబ్ బంతికన్నా ముందు నేలకు తగులుతోంది." క్లబ్ అంటే గోల్ఫ్ కర్ర. బరువు ఎడమకాలి మీదికి రావాలి, అంతే. అది ఒంటబట్టడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మీరూ స్వింగ్ మార్చుకుంటూ విసిగిపోతుంటే, నాకు పనికొచ్చినవి చెబుతాను. నాది కుడిచేతి వాటం, మీది ఎడమైతే తిప్పి చదువుకోండి.

ముందు బంతి తీసేయండి. క్లబ్ పైనుంచి బంతి దగ్గరికి దిగడానికి పట్టేది దాదాపు పావు సెకను. ఆ కాస్త సమయంలో ఆలోచించి దిద్దుకోవడం ఎవరివల్లా కాదు, ఒంటికి ఏది అలవాటో అదే వస్తుంది. పైగా కొత్త స్వింగ్‌తో మొదట్లో బంతి పాతదానికన్నా అధ్వానంగా పోతుంది. ప్రతి దెబ్బకీ అది చూస్తూ కూర్చుంటే పది రోజుల్లో పాత దారి పట్టేస్తాం.

నేను వారానికి మూడు రోజులు, షాపు తెరిచేలోపు, 16 కిలోమీటర్ల దూరంలోని గోపాలపూర్ బీచ్‌కి వెళ్లేవాణ్ణి. అల వెనక్కి వెళ్లాక గట్టిపడిన తడి ఇసుక కావాలి. పొడి ఇసుకలో గుర్తు నిలవదు. ఒక కర్రతో పది అడుగుల గీత గీయండి. గీత రెండు పాదాల మధ్యకు వచ్చేలా, బంతి ఎడమవైపుకు కొట్టబోతున్నట్టు నిలబడండి. ఏడో నంబర్ ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్) చాలు. వెనక ఎవరూ లేరని చూసుకుని నిదానంగా ఊపండి, ఇసుకలో పడిన గుంత చూడండి. గుంత గీత మీదో, గీతకు ఎడమవైపో మొదలైతే బరువు ఎడమకాలి మీదికి వచ్చినట్టు. కుడివైపు మొదలైతే పాత అలవాటే. గీత వెంబడి ఒక్కో అడుగు జరుగుతూ పోతే గుంతలన్నీ వరసగా కనబడతాయి. మొదటి వారం నావి బెత్తెడు దూరంలో, అన్నీ కుడివైపే.

రోజుకు 30 స్వింగులు, పదేసి చొప్పున మూడు విడతలు. అంతకు మించి వద్దు, ఒళ్లు అలిసిందంటే పాతదే బయటికొస్తుంది. 30లో ఎన్ని సరిగ్గా పడ్డాయో నోటుబుక్కులో రాయండి. నాకు మొదటి వారం 2, మూడో వారం 9, ఐదో వారం 7. ఆ 7 రాసిన రోజు చాలా బాధేసింది. కానీ వెనక పేజీలో 2 కనబడుతోంది కాబట్టి ఆగిపోలేదు. (ఇంటికి రాగానే క్లబ్‌ను మంచినీళ్లతో కడిగి తుడవండి, ఉప్పుకు తుప్పు పడుతుంది.)

అక్కడ వల బాగుచేసుకునే ఒక పెద్దాయన రోజూ చూసేవారు. "ఏటి బాబూ, బంతి లేకుండా ఆడతన్నావు?" అని అడిగారు. చెప్పాను. "మా మనవడికీ వల ఇసరడం పొడి ఇసక మీదే నేర్పాను. నీళ్లలోకి దింపితే సేప మీదకే పోద్ది మనసు," అన్నారు. నా నాలుగు నెలల పద్ధతిని ఆయన రెండు ముక్కల్లో చెప్పేశారు.

30కి 20 దాటాకే బంతి పెట్టండి. అప్పుడు కూడా నడుము ఎత్తు వరకే ఊపండి. నేను డాబా మీద వల కట్టుకున్నాను, బంతి ఎటు పోయిందో తెలియకుండా ఉండటానికి.

ఈ నెలల్లో పందెం ఆట ఆడొద్దు. రెండో నెలలో మా బావగారి స్నేహితులతో వంద రూపాయల పందానికి ఒప్పుకున్నాను. మూడో హోల్‌కే (బంతి వేయాల్సిన మూడో రంధ్రం దగ్గరే) టెన్షన్‌తో పాత స్వింగ్ వచ్చేసింది. మళ్లీ దారిలో పడటానికి రెండు వారాలు పట్టింది. ఎవరైనా ఒకే గంటలో మూడు తప్పులు దిద్దుతానంటే కూడా ఒప్పుకోకండి. అదీ చూశాను, మూడూ రాలేదు.

పెద్ద ఆటగాళ్లకే ఇంత సమయం పట్టింది. ఇంగ్లండ్ ఆటగాడు నిక్ ఫాల్డో 1985లో డేవిడ్ లెడ్‌బెటర్ అనే కోచ్ దగ్గర స్వింగ్ పూర్తిగా మార్చుకోవడం మొదలుపెట్టి, 1987లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. చివరి రోజు 18 హోల్స్‌లోనూ పార్, అంటే ఒక్కో హోల్‌కు నిర్ణయించినన్ని దెబ్బలే. టైగర్ వుడ్స్ 1997లో మాస్టర్స్ టోర్నీని 12 స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచి కూడా స్వింగ్ మార్చుకున్నాడు. 1998లో ఒక్క మేజర్ (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీల్లో ఒకటి) కూడా రాలేదు. 2000లో యూఎస్ ఓపెన్‌ను 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. విసుగొచ్చిన ప్రతిసారీ నేను ఆ 1998నే తలుచుకునేవాణ్ణి.

ఇప్పటికీ నెలకు రెండుసార్లు గోపాలపూర్ వెళ్లి గీత గీస్తాను. మొన్నటి ఆదివారం లెక్క 30కి 26.