కోర్సు ఫీజు కట్టే ముందు పీన్యా దాకా వెళ్లి రండి

మా పిన్ని కొడుకు డిగ్రీ అవ్వగానే హిందూపురంలో బస్సెక్కి బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో దిగిన మూడో రోజే ఒక కోచింగ్ సెంటర్‌లో 45 వేలు కట్టేశాడు. కోర్సు అయ్యాక చూస్తే ఆ పనికి పడే ప్రకటనలన్నీ రెండేళ్ల అనుభవం అడిగేవే. ఆ డబ్బు కోసం పిన్ని ఆవును అమ్మింది. అందుకే ఇది రాస్తున్నా.

ఏ పరిశ్రమలు రాబోతున్నాయి, వాటికి ఎలాంటి పనివాళ్లు కావాలి అని ముందే ఆరా తీసి దాన్నిబట్టి పిల్లలకు పని నేర్పే పద్ధతి ఒకటుంది. 1970ల్లో సింగపూర్ ప్రభుత్వం టాటా, ఫిలిప్స్ లాంటి కంపెనీలతో కలిసి శిక్షణ కేంద్రాలు పెట్టింది ఈ లెక్కతోనే. మన ఇంట్లో పిల్లాడి కోసం ఆ ఆరా మనమూ తీయొచ్చు, వారం రోజుల పని.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, అనుకున్న పనికి జాబ్ సైట్లలో 50 ప్రకటనలు చూసి ఏం వచ్చుండాలి, ఎంత అనుభవం, జీతమెంత, ఏ ఏరియా అని రాసుకోండి. ఒకే ఉద్యోగాన్ని నాలుగు కన్సల్టెన్సీలు వేస్తుంటాయి, దాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలి. ఫ్రెషర్లను తీసుకునేవి అందులో అయిదు కూడా లేకపోతే ఆ కోర్సు జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

తర్వాత కాళ్లకు పని చెప్పండి. పీన్యా అంటే బెంగళూరులో ఫ్యాక్టరీల వాడ. గ్రీన్ లైన్ మెట్రోలో పీన్యా ఇండస్ట్రీ స్టేషన్‌లో దిగి లోపలి వీధుల్లో నడిస్తే గేట్ల మీద సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్) ఆపరేటర్, వెల్డర్, క్వాలిటీ అని చిన్న చిన్న బోర్డులు కనిపిస్తాయి, అన్నీ సైట్లలోకి ఎక్కవు. షిఫ్ట్ వదిలే వేళకు టీ కొట్టు దగ్గర నిలబడితే మనవాళ్లు ఎవరో ఒకరు తగులుతారు. "అన్నా, చేరినప్పుడు ఎంతిచ్చారు, ఇప్పుడెంత, పని ఎక్కడ నేర్చుకున్నావ్?" అని అడగండి. తమ్ముణ్ణి తీసుకెళ్తే అనంతపురం ఆయన ఒకరు జేబులోంచి వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తీసి, ఒక బోల్టు చేతిలో పెట్టి కొలవమన్నారు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో వాడిందే, అయినా వీడికి రీడింగ్ రాలేదు. ఆయన అక్కడే నిలబడి పది నిమిషాల్లో నేర్పించారు. 2020లో ప్రపంచ బ్యాంకు వేసిన లెక్క ప్రకారం మన దేశంలో పిల్లలు సగటున 11.1 ఏళ్లు బడికెళ్తే వచ్చే చదువు 7.1 ఏళ్లదే. ఆ తేడా ఏంటో నాకు ఆ బోల్టు దగ్గర అర్థమైంది.

జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి చేస్తున్న కార్మిక సర్వే రిపోర్టులు ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రాలవారీగా జీతానికి పనిచేసేవాళ్లు ఎంతమంది, సొంత పని చేసుకునేవాళ్లు ఎంతమంది అన్నది వాటిలో చూడొచ్చు.

ఇక సెంటర్ వాళ్లను పోయిన బ్యాచ్‌లో ముగ్గురి ఫోన్ నంబర్లు అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అన్న మాట విని మాత్రం ఆగిపోవద్దు. ఫీజు కట్టే స్తోమత లేకపోతే అప్రెంటిస్‌షిప్ ఉంది, అంటే కంపెనీలోనే పని చేస్తూ నేర్చుకోవడం, 1961 చట్టం కింద నేర్చుకున్నన్నాళ్లూ స్టైపెండ్ ఇవ్వాల్సిందే. 1972 నుంచి నడుస్తున్న ప్రభుత్వ టూల్ రూమ్ (పనిముట్లు, అచ్చులు చేయడం నేర్పే శిక్షణ కేంద్రం) బెంగళూరు రాజాజీనగర్‌లో ఉంది, అక్కడా ఒకసారి కనుక్కోండి.

నోట్‌బుక్‌లో ఆ పేజీలు ఫోటో తీసి, పైన తేదీ వేసి, మీ ఊరి ఐటీఐ మాస్టారికి పంపండి. మూడు నెలలకోసారి కొత్తవి పంపితే చాలు, ఈ ఏడు చేరే పిల్లలకు ఆయన చూపిస్తారు.